ఒక్కపొద్దు సింహం

"తాండూర్ల సింహం మనిషిని చీల్చిందట."

వికారాబాద్ స్టేషన్ ఎదుట ఫోనున్న హోటల్ కిష్టప్పదొక్కటే. అందుకే ఊళ్లోకి వచ్చే వార్త ఏదైనా అతని చాయ్‌లాగే మరిగి, పొంగి, పొయ్యి మీద కొంత ఒలికి, మిగిలింది జనానికి అందుతుంది. ఆ ఆదివారం పొద్దున అతను రిసీవరును బల్ల మీద పెట్టి ఈ మాట చెప్పగానే సాసర్లు నోటి దగ్గర ఆగిపోయాయి. అనంతగిరి అడవిలోంచి దిగి పట్టాల వెంబడి నడిచిపోయిందని ఒకడు, సర్కసువాళ్లు వదిలిపెట్టారని ఇంకొకడు. ధారూర్‌కు మేకలు తోలుకుపోయే బేరగాడు టికెట్టు వాపసు చేయడానికి పరుగు తీశాడు.

మూల బల్ల దగ్గర అనంతయ్య మాత్రం మిర్చీ కొరుకుతూనే ఉన్నాడు. నిజాం జమానాలో పోలీసు జమేదారు. పై అధికారి మీద శ్లేష విసిరి, దానికి శిక్షగా నౌకరీ పోగొట్టుకొని, ఇప్పుడు సొంతంగా నేరాలు వెతుకుతున్నాడు. నౌకరీ పోయినా నోరు పోలేదు. గొంతు ఎంత పెద్దదంటే, రహస్యం చెప్తే రెండో ప్లాట్‌ఫారం మీద వినిపిస్తుంది.

"కిష్టప్పా, చీలినోని పేరేంది?"

"జంగప్పనట అన్నా. నాటకాల జంగప్ప. కంపెనీ మేనేజర్ మల్లయ్య మాట్లాడుతున్నడు. లైను మస్తు కరకర. నిన్నే రమ్మంటున్నడు."

అనంతయ్య రిసీవరు అందుకొని విన్నాడు. ముఖంలో నవ్వు పోయింది. పెట్టేశాక మాత్రం తిరిగొచ్చింది, సగం.

"ఫోన్ల 'నర' తెగి 'సింహం' మిగిలింది కిష్టప్పా. నరసింహం. నాటకంల వేషం. మేకలాయనకు చెప్పు, రైలెక్కొచ్చు. ఇది రెండుకాళ్ల జంతువు, మేకలను ముట్టదు. మనుషులనే తింటది."

* * *

తాండూరు స్టేషన్లో మల్లయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు. నడుస్తూనే చెప్పాడు.

"నిన్న శనారం రాత్రి ప్రహ్లాద నాటకం. హిరణ్యకశిపుడు జంగప్ప. ఆయన పెండ్లాం లీలావతి వేషం అరుణాదేవిది. నరసింహుడు పాండురంగం. స్తంభం పగిలింది, సింహం దుంకింది, జంగప్పను గడప మీద ఒళ్లె పండవెట్టుకొని గోళ్లు దించింది. కడుపుకు కుంకుమ నీళ్ల సంచి కడ్తం గదా, అది పగిలి ఎర్రగ కారె. జనం ఈలలేసిండ్రు. వన్స్ మోర్ అన్నరు."

"చంపుడుకు వన్స్ మోరా?"

"మాకెవ్వలికి తెలువలె అన్నా. తెర పడ్డంక గూడ జంగప్ప లేస్తలేడు. పోయి ముట్టిన. కుంకుమ నీళ్లు సల్లగుంటయి. గవి ఉడుకుగ ఉన్నయి."

మల్లయ్య కండువాతో ముఖం తుడుచుకొని మిగతాది చెప్పాడు.

గోళ్లు డబ్బా రేకువి. వాటి నడుమ గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెర తాలూకు ఒక రెక్క కట్టి ఉందట. ఆ కత్తెర పాండురంగానిదే. యాలాల్ దగ్గర గొర్లు కాసే కుటుంబం వాళ్లది. సింహం ముఖానికి జూలు ఉన్నితో కట్టింది కాబట్టి, దాన్ని సవరించడానికి తండ్రి కత్తెర పెట్టెలో పెట్టుకొని తిరుగుతాడు. పైగా మొన్ననే అరుణాదేవి విషయంలో జంగప్ప కాలరు పట్టుకొని, "నీ పేగులు తీస్త" అన్నాడు. కంపెనీ అంతా విన్నది.

"జంగప్ప ఏమన్న చెప్పిండా?"

"దవాఖానల సోయి లేకుంట పడి ఉన్నడు. ఒక్కటే మాట. 'లీలా, లీలా' అంటున్నడట."

"గోళ్ల సంగతి గోలలో ఎవరూ చూడలేదన్నమాట." అనంతయ్య అడుగు వేగం పెంచాడు. "పాండురంగం ఎట్లాంటోడు?"

"కోపం ఎక్కువ. కూడు తక్కువ. అందరి లెక్కనే. కాని అన్నా, ఆ మొఖం కట్టుకొని మనిషిని చంపడు. ఆ మొఖం వాళ్ల తాత చెక్కింది. వాళ్లకు ఇంటి దేవుడది."

* * *

సబ్ ఇన్‌స్పెక్టర్ చంద్రశేఖర్ ఠాణాలో కుర్చీలోంచి ఇస్త్రీ మడత నలగకుండా లేచాడు. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు, రెండూ కిర్రుమంటున్నాయి. జనం మాత్రం పాత అలవాటు కొద్దీ అమీన్ సాబ్ అనే పిలుస్తారు. అది అతనికి నచ్చదు. అందుకే అనంతయ్య అలాగే పిలిచాడు.

"సలాం అమీన్ సాబ్. కేసు తేలిందా, కేసరి దొరికిందా?"

"రెండూనూ. మీకు రైలు ఖర్చు దండగ. నేరం ఒప్పుకున్నాడు. సాయంత్రం బండికి హైదరాబాద్ పంపుతున్నాను."

"ఏమని ఒప్పుకున్నడు?"

చంద్రశేఖర్ కాగితం చదివాడు. "'నా పాపమే జంగప్పను చీల్చింది.' వేలిముద్ర కూడా వేశాడు."

"పాపానికి ఏ దఫా పెట్టిండ్రు?"

"మూడువందల ఏడు, హత్యాయత్నం. జంగప్ప ప్రాణం పోతే మూడువందల రెండు. డాక్టరు గట్టిగా ఏమీ చెప్పడం లేదు. పోతే ఉరే."

"పాపం."

"జాలి పడుతున్నారా?"

"లేదు. మీ కాగితం మీద మాటే మల్ల చదివిన. పాపానికి దఫా ఉండదు అమీన్ సాబ్. నేరానికి నైవేద్యం ఉండదు. వాడు ఒకటి చెప్తే మీరు ఇంకోటి రాసుకున్నరేమో."

"మీరు మాటలు విరుస్తారు. నేను సాక్ష్యాలు కూర్చుతాను. కత్తెర అతనిది. కక్ష అతనిది. మేం వెళ్లేసరికి ఆ ముఖాన్ని ఒళ్లో పెట్టుకొని ఏడుస్తున్నాడు. ఇంకేం కావాలి?"

సింహం ముఖం బల్ల మీద ఫైళ్ల పక్కనే ఉంది. ఎర్రటి నాలుక, పసుపు కళ్లు. జూలు మీద మరకలు ఎండి నల్లబడ్డాయి. లోపలికి వచ్చే ప్రతి జవానూ దానికి వీపు చూపకుండా పక్కకు నడుస్తున్నాడు.

హవాలాత్ చువ్వల వెనుక పాండురంగం లేచి నిలబడ్డాడు. మంచి పొడగరి. తల వంచితేగాని అనంతయ్య ముఖం కనబడలేదు. జవాను ఖాళీ తళె తీసుకొని బయటికొస్తూ గొణిగాడు: "ఏడ్సుకుంటనే నాలుగు జొన్నరొట్టెలు తిన్నడు సార్."

"మంచిది. పాండురంగం, స్తంభంల ఎప్పుడు సొచ్చినవ్?"

"తెర లేవంగనే."

"కత్తెర రెక్క ఎప్పుడు కట్టినవ్?"

"నాకెర్కలేదు."

"మరి నువ్వే చేసినన్నవు గద?"

"పాపం నాదన్న. చేసిందెవరో ఆయన్నే అడుగుండ్రి." బల్ల మీది ముఖం వైపు చేతులు జోడించాడు. చేతులు వణుకుతున్నాయి.

"యాక్టింగు," అన్నాడు చంద్రశేఖర్ వెనకనుంచి.

"యాక్టరే గద. అయినా వణుకుడుకు రిహార్సల్ ఉండదు." అనంతయ్య గొంతు తగ్గించాడు. తగ్గించినా జవాన్లందరికీ వినబడింది. "జంగప్ప మీద కోపం అరుణాదేవి కోసమేనా?"

పాండురంగం గోడ వైపు తిరిగాడు. "ఆమె పేరు తియ్యకు అన్నా. ఆమెకేం ఎర్కలేదు. నేను పోతె పోత. ఆమెను దీంట్లకు గుంజకుండ్రి."

బయట మెట్ల దగ్గర అనంతయ్య మల్లయ్యను ఆపాడు. "ఆ మొఖం కట్టెటోనికి నియమాలేమన్న ఉన్నయా?"

"లేకుంటెట్ల? పొద్దుగాల్నించి ఒక్కపొద్దుండాలె. నాటకం అయినంక మొఖం దించి, పానకం నైవేద్యం పెట్టి, ఆ పానకం కట్టినోడే తాగాలె. అప్పుడే దేవుడు ఆ మనిషిని ఇడుస్తడు. అందాక మెతుకు ముట్టొద్దు, చాయ్ గూడ తాగొద్దు. ముడితె నోరు పడిపోతదంటరు. మంచినీళ్లొక్కటే."

"నిన్న పానకం పెట్టిండ్రా?"

"యాడ? మొఖాన్ని అమీన్ సాబ్ ఎత్కవొయ్యె."

"మల్లన్నా, మీ సింహం ఇప్పుడే నాలుగు రొట్టెలు తిన్నది."

మల్లయ్య నోటి మీది కండువా జారింది. మెల్లగా అన్నాడు: "తినడు. పాండురంగం సచ్చినా తినడు."

"తిన్నడు. అంటే కట్టలేదు. రాత్రి స్తంభంల నుంచి దుంకింది ఇంకెవరో."

వాకిట్లో నిలబడ్డ చంద్రశేఖర్ నవ్వాడు. "ఆకలి నియమాలు చదువుకోదు. నాలుగు రొట్టెలు కోర్టులో నిలబడవు అనంతయ్య గారూ."

"నిలబడవు. కాని కొన్ని కడుపులు నిలబడుతయి. చూద్దాం."

* * *

నాటకం పందిట్లో స్తంభం ఇంకా రెండుగా విచ్చుకొని ఉంది. వెదురు బద్దలు, రంగు కాగితం. అనంతయ్య దాని లోపల దూరి, తనకు తానే కొట్టుకున్న మేకులా బిగుసుకొని నిలబడ్డాడు.

"స్తంభంల స్తంభించిన. అమీన్ సాబ్, ఇటు రాండ్రి."

కాగితంలో రెండు బెజ్జాలున్నాయి. స్టేజీ మీద సమయం కనిపెట్టడానికి లోపలివాడు చూసే బెజ్జాలు. ఒకటి అనంతయ్య నెత్తికి పైన ఉంది. వేలు తగిలి తగిలి అంచులు జిడ్డుగా నల్లబడ్డాయి. ఇంకోటి కిందుగా, సరిగ్గా అతని కంటికి ఎదురుగా. దాని అంచు కాగితం తెల్లగా ఉంది.

"పైది పాండురంగానిది. ఎన్నాళ్లనుంచో ఉన్నది. కిందిది నిన్నటిది. పొడుగోడు కింది బెజ్జంలకు ఎందుకు చూస్తడు?"

"ఎవరైనా పొడిచి ఉండొచ్చు." ఈసారి చంద్రశేఖర్ గొంతులో కిర్రు తగ్గింది. బెజ్జాన్ని రెండోసారి కూడా వంగి చూశాడు.

వేషాల గదిలో అరుణాదేవి ట్రంకుపెట్టె మీద కూర్చుంది. కర్నూలు వైపు నుంచి వచ్చి కంపెనీలో చేరి ఆరు నెలలైంది. రాత్రి పూసిన రంగు చెంపల మీద చారలు కట్టింది.

"అమ్మా, జంగప్ప మీ ఎంబడి పడేటోడా?"

"పడేవారండీ. వద్దన్నాను. పాండురంగం అడ్డం వచ్చాడు."

"నిన్న సాయంత్రం పాండురంగాన్ని చూసిండ్రా?"

ఆమె కొంగు వేలికి చుట్టింది. విప్పింది. మళ్లీ చుట్టింది. "నాకేమీ తెలియదండీ."

"తెలువదన్నది వేలుకు చుట్టుకుంటున్నరు. గట్టిగ చుడితే రక్తం ఆగుతది."

ఆమె ఏడవలేదు. అదే అతనికి నచ్చలేదు.

మూలన తెర తాడు చుట్ట చుడుతున్న మనిషి లేచి నమస్కారం పెట్టాడు. నర్సింహులు. పొట్టి, సన్నటి నడుము, గీసినట్టున్న కనుబొమ్మలు. పదేళ్లు ఆడవేషం వేసినవాడు. ఇప్పుడు తెర లాగుతాడు.

"మీరేమన్న చూసిండ్రా నర్సింహులూ?"

"నేను తాడు దగ్గరున్న సార్. ఆ సీన్ల తెర లేచినంక మల్ల ఆఖరుకే పని. మంచిగనే నడుస్తున్నదనుకున్న. జంగప్పన్నకు మంచి పేరొస్తది అనుకున్న."

"మీ వేషం అరుణాదేవికి వోయింది గద. కోపం లేదా?"

"ఆమె ఆడది, ఆమెకే తగుతది." నర్సింహులు నవ్వాడు. అందంగా నవ్వాడు, గల్లా పెట్టె మూసినంత అందంగా.

అప్పటికి హోటల్ నుంచి గంపెడు ఉగ్గాని, మిర్చీలు వచ్చాయి. అనంతయ్యే తెప్పించాడు. రాత్రి నుంచి ఏడ్చి, భయపడి, పోలీసులకు జవాబులు చెప్పి అలసిన కంపెనీ అంతా దాని మీద పడింది. మల్లయ్య కూడా ఒక మిర్చీ కన్నీళ్లతో కొరికాడు. ఇద్దరే ముట్టలేదు. అరుణాదేవి మొహం తిప్పుకుంది. నర్సింహులు విస్తరాకు పక్కవాడికి జరిపాడు.

"నిన్న శనారం ఒక్కపొద్దు సార్. కడుపు ముడుచుకపోయింది."

"కనీసం చాయ్?"

"వద్దు సార్."

చంద్రశేఖర్ అనంతయ్య చెవిలో అన్నాడు: "ఇద్దరు తినలేదు. మీ లెక్కన ఆ అమ్మాయి కూడా సింహమేనా?"

"ఆమె ఆ సీన్ల లీలావతి. జనం ముంగట నిలబడి ఏడుస్తున్నది. ఒక్క మనిషి రెండు తావుల ఉండడు." అనంతయ్య వేళ్లు తుడుచుకున్నాడు. "అమీన్ సాబ్, బండికి ముందు ఒక్క గంట ఇయ్యుండ్రి. మొఖాన్ని, పాండురంగాన్ని ఇక్కడికి తెప్పియ్యుండ్రి. పానకం పెడదాం."

"ఇది పోలీసు కేసు. పూజ కాదు."

"బయట చూసిండ్రా?"

పందిరి బయట జనం గుమికూడుతున్నారు. దేవుణ్ణి పోలీసులు పట్టుకపోయిండ్రన్న మాట చంద్రశేఖర్‌కూ వినిపించింది. అతను టోపీ సర్దుకొని జవానును పంపాడు.

* * *

ముఖాన్ని స్తంభం ముందు, గడప పలక మీద పెట్టారు. మల్లయ్య బెల్లం, మిరియాలు, యాలకులు వేసి కలిపిన పానకం చెంబులో తెచ్చాడు. హారతి ఇచ్చి, అలవాటు కొద్దీ చెంబు పట్టుకొని బేడీలతో ఉన్న పాండురంగం దగ్గరికి నడిచాడు.

పాండురంగం రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకొద్దు. నేను కట్టలె. స్తంభంల సొచ్చిన్నని అబద్ధమాడిన."

మల్లయ్య చెంబును వెనక్కి తీసుకున్నాడు.

"దీపాలు పెట్టేటాళ్లకు అన్నం తిన్న. మా తాత కాలంనించి ఎవడు చెయ్యని పని నేను చేసిన. ఆ నోటితోని మొఖం కట్టలేక పెట్టెల గదిల దాసుకున్న. స్తంభం ఖాళీగ పగుల్తది, కంపెనీ పరువు పోతదనుకున్న. కాని సింహం గర్జించింది. గది తడక బెజ్జంలకెళ్లి చూసిన. వచ్చింది. ఎవరు కట్టకుంటనే వచ్చింది. నేను తప్పితె దేవుడే వచ్చిండు. నా పాపంతోని జంగప్పను..." అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అన్నం నేనే పెట్టాను," అంది అరుణాదేవి లేచి. గొంతు స్టేజీ మీదిలాగే చివరి వరసదాకా వినబడింది. "నియమం నాకు తెలియదు. నా చేత్తో పెడితే కాదనలేకపోయాడు. తిన్నాక అతని ముఖం చూసి నాకు భయం వేసింది. నేను చెబితే కులం, దేవుడు అని అతణ్ణి వెలేస్తారనుకున్నాను. ఉరి వేస్తారనుకోలేదు."

చంద్రశేఖర్ కాగితం చేతిలో నలిగింది. "అయితే ముఖం కట్టింది ఎవరు?"

అనంతయ్య మల్లయ్య చేతిలో చెంబు తీసుకున్నాడు. "అందరం తెలిసినోళ్లమే. ఎవరు కట్టిండ్రో చెప్తలేరు. పానకం పాడైపోతది. ఎవరికీ వద్దంటే నాకే ఇయ్యుండ్రి, ఎండల తిరిగి గొంతు ఎండింది."

చెంబు ఎత్తాడు. పెదవులకు ఆనబోయింది.

"వద్దు."

ఒక్క మాట. నర్సింహులు చెయ్యి చెంబును పట్టేసుకుంది. ఎప్పుడు అంత దూరం నడిచొచ్చాడో అతనికే తెలిసినట్టు లేదు.

"కట్టినోడే తాగాలె సార్. వేరేటోళ్లు తాగితె కట్టినోన్ని ఇంక ఇడువడు."

నర్సింహులు చుట్టూ చూశాడు. తన చేతిని చూసుకున్నాడు. తర్వాత చెంబు వదల్లేదు. రెండు చేతులతో ఎత్తి, కళ్లు మూసుకొని, గటగట చివరి చుక్కదాకా తాగేశాడు.

చంద్రశేఖర్ ముందుకు దూకబోయాడు. అనంతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగుండ్రి. పానకంల పుడక కాకుండ్రి. తాగనియ్యుండ్రి."

ఖాళీ చెంబు గడప మీద పెట్టాక అనంతయ్య కంపెనీ వైపు తిరిగాడు. మొదటిసారి అతని గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది.

"వినుండ్రి. పాండురంగం ఒక్కపొద్దు సాయంత్రం తప్పిపోయింది. అప్పటికప్పుడు మొఖం కట్టేటోడెవడైనా అన్నం తినే ఉంటడు. ఈ కంపెనీల తిన్న నోటితో ఆ మొఖం ముట్టే ధైర్యం ఎవరికీ లేదు, చంపేటోనికి కూడా లేదు. నర్సింహులు మాత్రం పొద్దుగాల్నించే ఒక్కపొద్దున్నడు. పాండురంగం ఒక్కపొద్దు చెడుతదని పొద్దుగాలనే ఎర్కున్నోడు ఎవడు? చెడగొట్టబోయేటోడు. శనారం ఒక్కపొద్దు శనారం సాయంత్రమే ఇడుస్తరు. ఆదివారం మధ్యాహ్నం ఉగ్గాని ఎందుకు తోసేసిండు? పానకం ఇంకా పెట్టలేదు గనుక. ఉపవాసం ఉన్నోనికే ఉపాయం తట్టింది. కాని ఆ ఉపవాసమే ఉరితాడైంది. అమ్మా, పాండురంగానికి అన్నం పెట్టమని మీకు చెప్పిందెవరు?"

"నర్సింహులన్నే," అంది అరుణాదేవి. "సంధ్యదీపంతో ఉపవాసం అయిపోతుంది, ప్రేమతో ఒక ముద్ద పెడితే సంతోషిస్తాడు అన్నాడు."

"ఎందుకు నర్సింహులూ?" మల్లయ్య అడిగాడు. "జంగప్ప నీకేం చేసిండు?"

నర్సింహులు మూతి తుడుచుకోలేదు. "పదేండ్లు ఆయన పెండ్లాన్ని నేను. ధారూర్ల, కోట్‌పల్లిల, జనం నన్ను చూసి ఏడ్సెటోళ్లు. గీ అమ్మ రాంగనే అందరి ముంగట నా గడ్డం పట్టి, 'గీకిన లీలావతి ఇంక చాలు, తాడు పట్టు' అన్నడు. మీరంత నవ్విండ్రు. మల్లన్నా, నువ్వు గూడ నవ్వినవు."

మల్లయ్య తల దించుకున్నాడు.

"ఆయన గీ అమ్మ ఎంబడి వడ్డడు. గీ అమ్మ పాండురంగం దిక్కు చూసింది. నా దిక్కు ఎవరు చూసిండ్రు?"

"వేషం పోయింది, ద్వేషం మిగిలింది," అనంతయ్య అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, అతనూ నవ్వలేదు.

చంద్రశేఖర్ పాండురంగం బేడీలు విప్పాడు. వాటినే నర్సింహులుకు వేశాడు. తాళం చెవి తిప్పుతూ, ఎవరినీ చూడకుండా అడిగాడు: "మరి జంగప్ప కలవరింత సంగతి? 'లీలా, లీలా' అని? అరుణాదేవిని పిలుస్తున్నాడనుకొని మేం అందరం..."

"స్టేజీ మీద ఇప్పటి లీలావతి ఆమె," అన్నాడు అనంతయ్య. "జంగప్పకు పదేండ్ల లీలావతి ఎవరో నాకు గూడ ఇప్పుడే తట్టింది. ఆయన ఎవరినో పిలుస్తున్నడనుకున్నం. ఎవరు పొడిచిండ్రో చెప్తున్నడు."

నర్సింహులు మెల్లగా తల ఊపాడు. "నేను నోరు మెదపలె. మొఖం తియ్యలె. ఒళ్లె పండవెట్టుకున్నంక ఆయన కండ్లు తెరిచిండు. 'లీలా, నువ్వా' అన్నడు. నా చేతులు పట్టి పోల్చుకున్నడు. అప్పటికే గోళ్లు దిగినయి. ఆయనను గడప మీదనే ఇడిసి, పక్కకు దుంకి నేనే తెర గుంజిన, మొఖం ఆడనే పెట్టిన."

దవాఖాన నుంచి జవాను పరుగున వచ్చాడు. రొప్పుతూ సెల్యూట్ కొట్టాడు.

"సార్, జంగప్పకు సోయొచ్చింది. బతుకుతడంటున్నడు డాక్టరు. లీలను తోలుకరమ్మంటున్నడు."

అరుణాదేవి అలవాటుగా లేచింది. రెండడుగులు వేసి, ఆగి, మళ్లీ వచ్చి ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

బేడీల చేతులతో నర్సింహులు లేచి నిలబడ్డాడు. కొంగు లేని భుజాన్ని ఒకసారి సర్దుకున్నాడు.